స్టవ్ లేకుండా గింజల సలాడ్ ఎలా చేయాలి? రాజ్మా నానబెట్టి తిని ముగ్గురం పడకేశాం

డెంటన్_కుర్రోడు
టెక్సస్‌లో ఎంఎస్ మొదలై మూడు వారాలైంది. మేం ముగ్గురం అద్దెకున్న ఇంట్లో స్టవ్ పాడై పది రోజులు. ఓనరు రేపు, ఎల్లుండి అంటున్నాడు. ఇంట్లో ఉన్నవి మైక్రోవేవ్, కరెంటు కెటిల్, ఫ్రిజ్. బయట తింటుంటే నెల ఖర్చు వారంలో అయిపోతోంది. అందుకని వండకుండా సలాడ్ చేద్దామనుకుని, ఇంటి నుంచి తెచ్చిన రాజ్మా రాత్రంతా నానబెట్టాను. పొద్దున కీరా, టమాటా, ఉల్లిపాయ తరిగి, నిమ్మకాయ పిండి కలిపాను. గింజ కొరికితే కరకరలాడుతూ బాగానే ఉంది. ఒంటిగంటకు తిన్నాం. మూడున్నరకల్లా ముగ్గురికీ వాంతులు, ఆ తర్వాత విరేచనాలు. రాత్రి ఎనిమిదింటికి కాస్త తేరుకున్నాం.

నా సందేహం రెండు ముక్కల్లో. తప్పు ఎక్కడ జరిగింది, కీరా సరిగ్గా కడగకపోవడమా, రాజ్మానా? రెండోది, స్టవ్ లేకుండా గింజలూ కూరగాయలూ కలిపి కడుపు నిండేలా ఏం చేసుకోవచ్చు? ఇంట్లో అమ్మకి ఈ సంగతి చెప్పలేదు, చెబితే టెన్షన్ పడుతుంది.

రాత్రిడ్యూటీ_నర్సు
ముందు ఇది చెప్పు. ఇప్పుడు నీళ్లు నిలుస్తున్నాయా? మూత్రం మామూలుగా వస్తోందా? రక్తం పడిందా, జ్వరం ఉందా? ముగ్గురి సంగతీ చెప్పు.

డెంటన్_కుర్రోడు
నీళ్లు నిలుస్తున్నాయి అక్కా. జ్వరం లేదు, రక్తం లేదు. నీరసం ఒక్కటే. ఇప్పుడే పెరుగు, బ్రెడ్డు తిన్నాం.

రాత్రిడ్యూటీ_నర్సు
అయితే సరే. ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు కొద్దికొద్దిగా తాగుతూ ఉండండి. మళ్లీ వాంతులు మొదలైతే యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌కి వెళ్లండి, ఖర్చని ఆగొద్దు.

పెసరట్టు_ఉప్మా
రాజ్మానే. పచ్చి రాజ్మా ఎవరైనా తింటారా తమ్ముడూ!

గోదారిగట్టు
పెసరట్టు_ఉప్మా గారూ, ఎందుకు తినరు? శ్రావణ శుక్రవారం పేరంటాల్లో నానబెట్టిన శనగలు ఇస్తారు. చిన్నప్పుడు ఇల్లిల్లూ తిరిగి వచ్చేసరికి ఒడి నిండా శనగలే. దారిలో సగం పచ్చివే నమిలేసేవాళ్లం. ఎవరికీ ఏమీ కాలేదు. కీరా కడగకపోవడమే అయ్యుంటుంది.

ల్యాబుకోటు
గోదారిగట్టు గారూ, శనగ వేరు, రాజ్మా వేరు. ఇక్కడే అందరూ పొరబడతారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

రాజ్మాలో, ముఖ్యంగా ఎర్ర రాజ్మాలో, లెక్టిన్ అనే జాతి ప్రొటీన్ ఒకటి చాలా ఎక్కువ. దాని పేరు ఫైటోహీమాగ్లుటినిన్. పేగు గోడకి అతుక్కుని లోపలి పొరని దెబ్బతీస్తుంది. నాలుగైదు పచ్చి గింజలు తిన్నా చాలు, ఒకటి నుంచి మూడు గంటల్లో వాంతులు మొదలవుతాయి, తర్వాత విరేచనాలు. చాలామంది మూడు నాలుగు గంటల్లో కోలుకుంటారు. డెంటన్ తమ్ముడు చెప్పిన టైము అచ్చం అలాగే ఉంది. ముగ్గురికీ ఒకేసారి రావడం కూడా. కీరా మీది క్రిములైతే సాధారణంగా ఇంత త్వరగా, ఇంత వరసగా రాదు, ఇంత త్వరగా పోదు.

నానబెట్టడం ఒక్కటే సరిపోదు. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో తెర్లుతుండగా కనీసం 10 నిమిషాలు ఉడకాలి. అమెరికా ఆహార భద్రత సంస్థ అయితే 30 నిమిషాలు అంటుంది. ఇది విషం పోవడానికి పట్టే టైము. గింజ మెత్తబడటానికి ఎలాగూ అంతకంటే ఎక్కువే పడుతుంది. మన ప్రెషర్ కుక్కర్‌లో ఉడికిస్తే ఈ గొడవ ఉండదు, అందుకే మన ఇళ్లలో ఈ మాట ఎప్పుడూ వినబడలేదు.

డెంటన్_కుర్రోడు
అన్నా, కరకరలాడుతూ బాగుంది అనుకున్నది అదేనన్నమాట. మిగిలినది ఇంకో డబ్బా ఫ్రిజ్‌లో ఉంది. మైక్రోవేవ్‌లో వేడి చేస్తే పనికొస్తుందా?

ల్యాబుకోటు
వద్దు. పారేయి. మైక్రోవేవ్‌లో ఒక గింజ కాలిపోతుంది, పక్క గింజ గోరువెచ్చగానే ఉంటుంది. దాన్ని నమ్మడానికి లేదు.

కరీంనగర్_కంది
నా దగ్గర ఒక ఉపాయం ఉంది. మా హాస్టల్‌లో పెద్ద థర్మాస్ ఉండేది. నానిన గింజలు అందులో వేసి, కెటిల్‌లో కాగిన నీళ్లు పోసి మూత బిగిస్తే పొద్దటికి మెత్తగా అయ్యేవి. పెసలు అట్లనే చేసుకుని తిన్నం. రాజ్మా కూడా అట్ల చేయొచ్చు కదా?

ల్యాబుకోటు
దయచేసి ఎవరూ రాజ్మాతో అలా చేయకండి. థర్మాస్‌లో పోసిన నిమిషం నుంచీ వేడి తగ్గుతూ ఉంటుంది. 80 డిగ్రీల దగ్గర సగం ఉడికిన రాజ్మా పచ్చి రాజ్మా కంటే ప్రమాదం, ఐదు రెట్ల దాకా ఎక్కువ విషం చూపవచ్చు. స్లో కుక్కర్‌లో, అంటే తక్కువ వేడి మీద గంటలకొద్దీ ఉడికించే కరెంటు కుక్కర్‌లో, నేరుగా పచ్చి రాజ్మా వేసి జబ్బుపడినవాళ్లు ఉన్నారు, కారణం ఇదే. గింజ మెత్తబడింది కదా అని ఇంకా ఎక్కువ తింటారు. పెసలతో మీకేం కాలేదంటే పెసల్లో ఆ పదార్థం చాలా తక్కువ కాబట్టి.

కరీంనగర్_కంది
మా చెల్లె ఇప్పుడు హాస్టల్‌ల ఉంది, ఆ థర్మాస్ దానికే ఇచ్చిన. ఇప్పుడే ఫోన్ చేస్తున్న.

హ్యూస్టన్_అమ్మ
బాబూ, అమెరికాలో ఉండి ఎండు గింజలు నానబెట్టడం ఎందుకు? ఏ కిరాణా కొట్టుకెళ్లినా ఉడికించి డబ్బాల్లో పెట్టిన గింజలు ఉంటాయి. 15 ఔన్సుల డబ్బా, అంటే 425 గ్రాములు, డాలరు అటూ ఇటూ. నీళ్లు వంపేస్తే కప్పున్నర గింజలు వస్తాయి. శనగలు, రాజ్మా, అలసందలు, నల్ల బీన్స్ అన్నీ దొరుకుతాయి. వాటిని డబ్బాలోనే ఒత్తిడి మీద ఉడికిస్తారు కనుక తెరిచి తినేయవచ్చు. పాతికేళ్లుగా మా ఇంట్లో ఎండాకాలం రాత్రి భోజనం ఇదే. ఈ ఊళ్ల వేడికి స్టవ్ బాగున్నా వెలిగించబుద్ధి కాదు.

డెంటన్_కుర్రోడు
డబ్బా తిండి అంటే మందులు కలుపుతారని ఇంట్లో అనేవాళ్లు ఆంటీ, అందుకే అటువైపు చూడలేదు.

హ్యూస్టన్_అమ్మ
డబ్బా మీద చదువు. మామూలు రకంలో చాలావాటికి గింజలు, నీళ్లు, ఉప్పు, ఇంకొకటో రెండో ఉంటాయి, అంతే. పాడవకుండా ఉంచేది ఆ వేడీ, గాలి చొరని మూతా. ఉప్పు మాత్రం ఎక్కువే. జల్లెడలో పోసి కుళాయి కింద బాగా కడిగితే ఉప్పు దాదాపు 40 శాతం పోతుంది. ఉప్పు తక్కువ రకం విడిగా కూడా ఉంటుంది.

రాత్రిడ్యూటీ_నర్సు
ఒకటి కలుపుతున్నాను. ఉబ్బిన డబ్బా, కారుతున్న డబ్బా, తెరవగానే నీళ్లు చిమ్మిన డబ్బా, ఏదైనా రుచి కూడా చూడకుండా పారేయాలి. అలాంటి డబ్బాలో పుట్టే విషం వల్ల వచ్చే బాట్యులిజం మామూలు కడుపునొప్పి కాదు, ఊపిరికే ముప్పు. అలాగే తెరిచాక మిగిలిన గింజలు డబ్బాలోనే వదిలేయకుండా గాజు గిన్నెలోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు నాలుగు రోజుల్లో అయిపోవాలి.

మొదటి_సెమిస్టర్
నేనూ డెంటన్ దగ్గరే ఉంటాను. డబ్బా కోసే కత్తెర లేక ఒకసారి స్క్రూడ్రైవర్‌తో పొడిచాం. రింగు పట్టి లాగే మూత ఉన్న డబ్బాలు ఉంటాయి, అవి తెచ్చుకో బ్రో. వేళ్లు మిగులుతాయి.

నెల్లూరు_వంటిల్లు
డబ్బాలు సరే నాయనా, నీ దగ్గర పెసరపప్పు ఉందా? ఉంటే అంత దూరం వెళ్లక్కర్లేదు. శ్రీరామనవమికి మన ఇంట్లో చేసే వడపప్పు ఎన్నడైనా వండామా? మంట ముట్టని వంట అది. సలాడ్ అని ఇవాళ పేరు పెట్టారుగానీ, చైత్రమాసపు ఎండలో పానకంతో పాటు చేతిలో పెట్టేది అదే కదా.

ఒక గ్లాసు పెసరపప్పు రెండు మూడు సార్లు కడిగి నానబెట్టు. అరగంట నుంచి ముప్పావు గంట చాలు. గోటితో నొక్కితే రెండుగా విరగాలి, పిండి కాకూడదు. గంటలు గంటలు నానితే నీచు వాసన వస్తుంది, జిగురు పడుతుంది. నీళ్లు పూర్తిగా వంపేయాలి, జల్లెడలో పది నిమిషాలు వదిలేయి. పచ్చికొబ్బరి కోరు గుప్పెడు, మామిడికాయ తురుము రెండు చెంచాలు, కీరా సన్నముక్కలు, పచ్చిమిరపకాయ ఒకటి, కొత్తిమీర. మామిడికాయ లేకపోతే నిమ్మకాయ. ఉప్పు మాత్రం తినే ముందే.

అనంతపురం_ఎండ
మా వైపు దీన్నే కోసంబరి అంటాం, కర్ణాటక పక్కనే ఉన్నాం కదా. పెళ్లిలో ఆకు మీద ముందు వడ్డించేవాటిలో ఇది ఉండాల్సిందే. నెల్లూరు అక్క చెప్పినదానికి ఆవాలు, ఇంగువ, కరివేపాకు పోపు పడితేనే దానికి ప్రాణం. పోపు లేని కోసంబరి నేను ఒప్పుకోను.

నెల్లూరు_వంటిల్లు
వడపప్పులో మేం పోపు వేయం. దేవుడి ముందు పెట్టేది అలాగే ఉంటుంది. మీ కోసంబరి మీది, మా వడపప్పు మాది.

అనంతపురం_ఎండ
దేవుడి ముందు సరే అక్కా. రోజూ డబ్బా కట్టుకుపోయే పిల్లాడికి పోపు లేకపోతే రెండో రోజుకే మొహం మొత్తుతుంది.

డెంటన్_కుర్రోడు
పోపుకి స్టవ్ కావాలి కదా అన్నా. మైక్రోవేవ్‌లో నూనె పెట్టొచ్చా?

రాత్రిడ్యూటీ_నర్సు
వద్దు. నూనె ఎంత కాగిందో పైకి తెలియదు, గిన్నె పగులుతుంది, చెయ్యి కాలుతుంది. అలా కాలినవాళ్లకు కట్లు కట్టాను.

గోదారిగట్టు
పోపు లేకపోతేనేం, ఆవ పెట్టండి. మా కోనసీమలో పనసపొట్టుకి, అరటికాయకి ఆవ పెడతాం, ఎలాగూ అది దింపాక కలిపేదే. రెండు చెంచాల ఆవాలు పొడి చేసి చన్నీళ్లతో ముద్దలా తడిపి పది నిమిషాలు ఒదిలేయండి. అప్పుడు నిమ్మరసం, కాస్త పప్పునూనె కలిపి గింజల్లో పోయండి. ముక్కులోంచి ఘాటు పైకి ఎక్కుతుంది.

ఆఫీసు_డబ్బా
గోదారిగట్టు గారూ, ఇది నేను ఇందాకే చేశాను. మొదటిసారి చేదొచ్చింది. ఎందుకో తెలుసా?

గోదారిగట్టు
తడపగానే కలిపి ఉంటారు. తడిపిన వెంటనే చేదుగానే ఉంటుంది, నానితే ఘాటెక్కుతుంది. మా అమ్మమ్మ చెప్పింది ఇంతే, కారణం ల్యాబుకోటు గారు చెప్పాలి.

ల్యాబుకోటు
అమ్మమ్మ మాట సరిగ్గా సరిపోతుంది. ఆవగింజలో ఘాటు ముందుగా ఉండదు. గింజ పగిలి నీళ్లు తగిలాక లోపలి ఎంజైమ్ ఒకటి పనిచేసి ఆ ఘాటు నూనెని పుట్టిస్తుంది. దానికి పది నిమిషాలు కావాలి. వేడినీళ్లు పోస్తే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది, ఇక చేదే మిగులుతుంది. నిమ్మరసం ముందే పోసినా దాని పని మందగిస్తుంది. అందుకే ముందు చన్నీళ్లు, ఘాటు వచ్చాక పులుపు. అప్పుడు ఆ పులుపే ఘాటుని కాసేపు నిలబెడుతుంది కూడా.

ఆఫీసు_డబ్బా
చన్నీళ్లు, పది నిమిషాలు, తర్వాత నిమ్మకాయ. రేపు మళ్లీ చేస్తా. నా సమస్య ఇంకోటి కూడా ఉంది. పొద్దున ఎనిమిదింటికి కలిపి మాదాపూర్ ఆఫీసుకి తీసుకెళ్తే ఒంటిగంటకి డబ్బాలో సగం నీళ్లు. గింజలు ఆ నీళ్లలో ఈదుతుంటాయి.

నెల్లూరు_వంటిల్లు
ఉప్పు తినే ముందే అని అందుకే చెప్పాను తల్లీ. కీరాని నిలువునా చీల్చి, చెంచాతో మధ్యలో గింజలు గీకేయి. టమాటాది కూడా లోపలి గుజ్జు తీసేసి కండ మాత్రమే వెయ్యి. ఆ గుజ్జు సాయంత్రం చారులోకి పోతుంది. ఉప్పు, నిమ్మరసం చిన్న సీసాలో విడిగా పట్టుకెళ్లు.

హ్యూస్టన్_అమ్మ
నేను దీనికి అడ్డం చెప్తాను. వడపప్పుకి నెల్లూరు గారి మాట సరైనది. ఉడికిన గింజలకి మాత్రం ఉలటా. శనగలు, రాజ్మాకి ఉప్పు, నిమ్మరసం, నూనె, జీలకర్ర పొడి ముందు రోజు రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెట్టాలి. లేకపోతే గింజ చప్పగా ఉండి, పులుపు పైపైనే తగులుతుంది. పొద్దున కూరగాయలు మాత్రం పొడిగా కలపాలి. రెండు డబ్బాలుగా పట్టుకెళ్లి అక్కడ కలుపుకోవడం ఇంకా మేలు.

నెల్లూరు_వంటిల్లు
ఉడికిన గింజ సంగతి నాకు తట్టలేదు. మీరన్నది నిజం, గుగ్గిళ్లు కూడా మర్నాటికే రుచి.

మొదటి_సెమిస్టర్
ఉల్లిపాయ గురించి ఎవరైనా చెప్పండి. క్లాసులో పక్కన ఎవరూ కూర్చోవట్లేదు.

హ్యూస్టన్_అమ్మ
సన్నగా తరిగి చన్నీళ్లలో పావుగంట వేసి పిండేయి. లేదా వెనిగర్‌లో. ఘాటు చాలావరకు దిగిపోతుంది.

బెర్లిన్_తెలుగు
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. మొలకల మాట ఎవరూ ఎత్తలేదేంటి? మా ఇంట్లో వారానికి మూడు రోజులు పెసర మొలకలే. రాత్రి నానబెట్టి, పొద్దున గుడ్డలో మూటకడితే మర్నాటికి తోకలు వస్తాయి. వండక్కర్లేదు, డబ్బా కొనక్కర్లేదు.

రాత్రిడ్యూటీ_నర్సు
పచ్చి మొలకలు నేను గర్భిణులకి, చిన్నపిల్లలకి, పెద్దవాళ్లకి, కీమో తీసుకుంటున్నవాళ్లకి వద్దనే చెప్తాను.

బెర్లిన్_తెలుగు
మన దేశంలో తరతరాలుగా తింటున్నారు కదా సిస్టర్?

ల్యాబుకోటు
బెర్లిన్_తెలుగు గారూ, మీరున్న దేశంలోనే 2011లో ఏం జరిగిందో అక్కడి వాళ్లని అడగండి. మెంతి మొలకల వల్ల ఈ-కోలై అనే క్రిమిలో ఒక ప్రమాదకరమైన రకం వ్యాపించింది. దాదాపు 4,000 మంది జబ్బుపడ్డారు, 50 మందికి పైగా చనిపోయారు. మొదట్లో కీరా దోసకాయల వల్లే అనుకుని స్పెయిన్ రైతుల పంట పారబోయించారు. చివరికి దర్యాప్తు ఈజిప్టు నుంచి వచ్చిన మెంతి గింజల దగ్గర ఆగింది.

మొలకలకి కావలసిన వెచ్చదనం, తేమ క్రిములకి కూడా కావాలి. గింజ పగుళ్లలో ఏదైనా దాక్కుని ఉంటే రెండు రోజుల్లో లక్షలవుతుంది. పైన ఎంత కడిగినా లోపలిది పోదు. తినొద్దని నేననను. నేనూ తింటాను, మంచి గింజ కొని, నీళ్లు మార్చుతూ, మొలక రాగానే ఫ్రిజ్‌లో పెట్టి. మా అమ్మకి మాత్రం ఆవిరి మీద ఐదు నిమిషాలు పెట్టి ఇస్తాను.

బెర్లిన్_తెలుగు
2011లో నేనింకా ఇక్కడికి రాలేదు. నా భార్యకి ఇప్పుడు ఆరో నెల. రోజూ నేనే కలిపి ఇస్తున్నాను ఆ మొలకలు. ఇవాళ్టి నుంచి ఆవిరి పెట్టే ఇస్తాను. చెప్పినందుకు ఇద్దరికీ చాలా థాంక్స్.

రాత్రిడ్యూటీ_నర్సు
కంగారు పడొద్దు అన్నా. ఇప్పటిదాకా ఏమీ లేకపోతే చాలావరకు ఏమీ ఉండదు. ఈసారి చెకప్‌లో డాక్టరుకి ఒక మాట చెప్పండి, అంతే. ఆవిరి పట్టిన మొలకలు ఆవిడకి చాలా మంచివి. నిమ్మకాయ తప్పక పిండండి, గింజల్లో ఉండే ఇనుము ఒంటికి పట్టడానికి సి విటమిన్ సాయం కావాలి.

అనంతపురం_ఎండ
మా దగ్గర చలికాలంలో అనపకాయలు వస్తాయి. పితకపప్పు కోసం నానబెట్టి తొక్క పితుకుతాం. ఆ పప్పు పచ్చిది సలాడ్‌లో వేసుకోవచ్చా?

ల్యాబుకోటు
వద్దు. చిక్కుడు జాతి గింజలు ఏవైనా ఉడకాల్సిందే. అనపలోనూ పచ్చిగా తింటే పడని పదార్థాలు ఉన్నాయి. సోయా కూడా అంతే. అలసందలూ ఉడికించే తినండి.

గోదారిగట్టు
పచ్చి బఠానీలు, పచ్చి శనగకాయలు?

ల్యాబుకోటు
లేత పచ్చి బఠానీలు, చెట్టు మీది పచ్చి శనగలు హాయిగా తినొచ్చు. మీ పేరంటం శనగలు కూడా గుప్పెడు నమిలితే ఏమీ కాదు. గిన్నెడు తింటే కడుపు ఉబ్బరం, అంతే. అందుకే కదా ఇంటికొచ్చాక గుగ్గిళ్లు వేసేది.

కరీంనగర్_కంది
చెల్లెకు చెప్పిన. అది రాజ్మా ఎన్నడూ వేయలేదట, పెసలే. మనసు నిమ్మలమైంది. పచ్చి శనగకాయలంటే గుర్తొచ్చింది, మా ఊరి బస్టాండ్ల చలికాలం చెట్టుతో సహా కట్టలు కట్టి అమ్ముతరు. బస్సు ఎక్కి దిగేలోపు కట్ట ఖతం. ఆ రుచి ఏ డబ్బాల రాదు.

మొదటి_సెమిస్టర్
ఫ్రిజ్‌లో గడ్డకట్టించి అమ్మే స్వీట్ కార్న్, బఠానీలు నేరుగా కలిపేయొచ్చా? నేను అలాగే చేస్తున్నాను, కరిగేదాకా ఉంచి.

ల్యాబుకోటు
ప్యాకెట్ వెనక చూడు, చాలావాటి మీద వండి తినమనే ఉంటుంది. గడ్డకట్టించడం అంటే వండటం కాదు, చలికి క్రిములు నిద్రపోతాయి, చావవు. 2015 నుంచి 2018 దాకా యూరప్‌లో గడ్డకట్టిన మొక్కజొన్న వల్లే లిస్టీరియా అనే క్రిమి సోకి కొందరు చనిపోయారు. నీ దగ్గర మైక్రోవేవ్ ఉంది కదా. కాసిన్ని నీళ్లు చల్లి, మూతపెట్టి, పొగలు కక్కేదాకా ఉంచి, చల్లారాక కలుపు. డబ్బా కార్న్ అయితే ఆ పని కూడా లేదు.

హ్యూస్టన్_అమ్మ
డెంటన్ బాబూ, నువ్వున్న రాష్ట్రానిదే ఒక సలాడ్ ఉంది తెలుసా? అలసందలతో చేస్తారు. టెక్సస్ కేవియర్ అంటారు, కౌబాయ్ కేవియర్ అని కూడా. 1940 ప్రాంతంలో హెలెన్ కార్బిట్ అనే ఆవిడ ఇక్కడ విందుల్లో వడ్డించి పేరు తెచ్చింది. కేవియర్ అంటే చేపగుడ్లు, దీంట్లో చేప లేదు, గుడ్డు లేదు, భయపడకు. దక్షిణాది అమెరికన్లు జనవరి 1న అలసందలు తింటే ఏడాదంతా కలిసొస్తుందని నమ్ముతారు. ఉగాది పచ్చడి లాంటి నమ్మకమే. మా పక్కింటి పెద్దావిడ మొదటి ఏడాదే ఒక గిన్నె తెచ్చిచ్చింది. తింటే మా అమ్మ చేసే అలసంద గుగ్గిళ్లు గుర్తొచ్చి ఆ పూట ఏడ్చాను.

ఆవిడది చూసి నేను చేసేది ఇది. అలసందల డబ్బా ఒకటి, శనగల డబ్బా ఒకటి, రెండూ కడిగి వాడ్చాలి. కార్న్ అర డబ్బా. ఎర్ర క్యాప్సికం ఒకటి, కీరా ఒకటి, టమాటాలు రెండు, చిన్న ఉల్లిపాయ ఒకటి, అన్నీ గింజంత సైజులో తరగాలి, చెంచాలో అన్నీ ఒకేసారి రావాలి. పచ్చిమిర్చి రెండు. కొత్తిమీర కట్టలో సగం, కాడలతో సహా. నిమ్మకాయలు రెండు, నూనె రెండు చెంచాలు, జీలకర్ర పొడి అరచెంచా, ఉప్పు చూసుకుని. డబ్బాలో ముందే ఉప్పుంది, మర్చిపోకు. మీ ముగ్గురికి రెండు పూటలు వస్తుంది. ఆకలి ఎక్కువైతే పైన వేయించిన పల్లీలు చల్లుకోండి, అవి వేయించినవే దొరుకుతాయి.

మొదటి_సెమిస్టర్
ఆంటీ ఇందులో అవకాడో?

హ్యూస్టన్_అమ్మ
వేసుకో, కానీ తినే ముందే. ముందు వేస్తే నల్లబడి ముద్దవుతుంది.

ఆఫీసు_డబ్బా
హైదరాబాద్‌లో ఆ డబ్బాలు సూపర్‌మార్కెట్లో ఉన్నాయి కానీ రేటు చూసి వెనక్కి పెట్టాను. ఇక్కడ ఏం చేయాలి?

నెల్లూరు_వంటిల్లు
ఆదివారం కుక్కర్‌లో అరకిలో శనగలు ఒకేసారి ఉడికించు. చల్లారాక నీళ్లు వాడ్చి, నాలుగు చిన్న డబ్బాలుగా చేసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టు. రాత్రి ఒకటి కిందకి దించితే పొద్దటికి సిద్ధం. వారం రోజులు స్టవ్ ముట్టక్కర్లేదు.

రాత్రిడ్యూటీ_నర్సు
ఉడికిన గింజలు కలిపాక బయట రెండు గంటలకి మించి ఉంచొద్దు. 32 డిగ్రీలు దాటిన ఎండలో అయితే గంటే. టెక్సస్ కార్లో వదిలేసిన డబ్బా తినొద్దు. ఆఫీసు_డబ్బా అమ్మా, మీ ఆఫీసులో ఫ్రిజ్ లేకపోతే ఐస్ ప్యాక్ ఒకటి పక్కన పెట్టుకోండి.

అనంతపురం_ఎండ
డెంటన్ తమ్ముడు పత్తా లేడు. ఎలా ఉన్నారో?

డెంటన్_కుర్రోడు
క్షమించండి, క్లాసు ఉండి ఆలస్యమైంది. ముగ్గురం బాగున్నాం. సాయంత్రం వెళ్లి అలసందలు రెండు డబ్బాలు, శనగలు రెండు, కార్న్ ఒకటి తెచ్చాను, రింగు మూతలవే. హ్యూస్టన్ ఆంటీ చెప్పినట్టు గింజలకి ఉప్పు, నిమ్మకాయ ముందే పట్టించి గంట ఫ్రిజ్‌లో ఉంచాం. ఆవాలు ఉన్నాయి కాబట్టి కొన్ని గాజు సీసా అడుగుతో నూరి చన్నీళ్లలో తడిపి పది నిమిషాలు ఆగి కలిపాం. గోదారిగట్టు అన్నా, ఒక్క ముద్దకి ముగ్గురికీ కళ్లలో నీళ్లు తిరిగాయి. మా రూమ్మేట్ది రాజోలు. మూడు వారాల తర్వాత ఇంట్లో కూర్చుని తిన్నట్టుంది అన్నాడు. మొదట చెంచా పెట్టాలంటే ముగ్గురికీ భయమే, నేనే ముందు తిన్నాను. ఇప్పటికి ఐదు గంటలైంది, ఏమీ లేదు.

రాజ్మా ప్యాకెట్ కిలో మిగిలింది. స్టవ్ వచ్చేదాకా పైన అలమారలో పెట్టి, దాని మీద కాగితం అంటించాను, పది నిమిషాలు తెర్లాలి అని.

గోదారిగట్టు
రాజోలా! మాది పక్కనే. వాడిని ఏ వీధో అడుగు. కీరా అని గట్టిగా వాదించాను, రాజ్మా సంగతి నాకు నిజంగా తెలియదు. మా ఇంట్లో అందరికీ చెప్పాను.

రాత్రిడ్యూటీ_నర్సు
అమ్మకి చెప్పు తమ్ముడూ. తగ్గిపోయిందని కలిపి చెప్పు.

డెంటన్_కుర్రోడు
చెప్పాను అక్కా. గంటసేపు తిట్టి, పెసరపప్పు ఎంత నానబెట్టాలో చెప్పింది. నెల్లూరు ఆంటీ చెప్పిందే, అరగంట. రేపు అది చేద్దామంటే ఇక్కడ మామిడికాయ దొరకలేదు. అమెరికన్ కొట్లో ఉన్నవన్నీ పండ్లే.

మొదటి_సెమిస్టర్
ఇండియన్ స్టోర్‌లో గురువారం సాయంత్రం సరుకు దిగుతుంది బ్రో. ఆరింటికల్లా వెళ్లు, ఏడు దాటితే మామిడికాయలు, కరివేపాకు ఉండవు. నా కారులో చోటుంది, వస్తావా?

డెంటన్_కుర్రోడు
వస్తాను. నెల్లూరు ఆంటీ, పచ్చికొబ్బరి లేకపోతే గడ్డకట్టిన తురుము పనికొస్తుందా?

నెల్లూరు_వంటిల్లు
వస్తుంది నాయనా. ల్యాబుకోటు గారు కార్న్‌కి చెప్పినట్టే మైక్రోవేవ్‌లో పొగలు వచ్చేదాకా వేడిచేసి, చల్లారాక కలుపు. తియ్యటిది తెచ్చుకోకు, చక్కెర లేనిది చూసుకో.